నలభై ఏడో వరసలో స్టాకు

విమానంలో ప్రీమియం ఎకానమీ అని ఒక తరగతి ఉంటుంది. బిజినెస్ క్లాసులో కూర్చునే స్థోమత లేక, ఎకానమీలో కూర్చుంటే పరువు పోతుందని బాధపడేవాళ్ల కోసం దాన్ని కనిపెట్టారు. మావారు దాని గురించి పర్చూరు సెంటర్లో నెల రోజులు మాట్లాడారు. సీటు రెండంగుళాలు వెడల్పట. కాళ్ల దగ్గర జానెడు ఖాళీ ఎక్కువట. మంచినీళ్లు గాజు గ్లాసులో ఇస్తారట. ఇరవై రెండేళ్లుగా మా ఇంట్లో స్టీలు గ్లాసుతో తాగి నిక్షేపంగా ఉన్న మనిషి, ఆ గాజు గ్లాసు సంగతి వచ్చేసరికి గొంతు తగ్గించి మరీ చెప్పేవారు.

ఆ సీటు ఆయనకు వచ్చింది. నాకు నలభై ఏడో వరసలో మధ్య సీటు వచ్చింది. నా వీపు వెనక గోడ, గోడకు అటువైపు బాత్రూమ్.

ఇదెలా జరిగిందో చెప్పాలి. మాకు పర్చూరులో పురుగుమందుల షాపు ఉంది. మాకు సరుకు పంపే కంపెనీ పేరు చెప్పను. చెబితే వచ్చే ఏడు నన్ను సూట్‌కేసులతో పాటు కింద వేసి తీసుకెళతారు. ఆ కంపెనీ ఏటా బాగా అమ్మిన డీలర్లను విదేశాలు తిప్పుతుంది. సిల్వర్ డీలరుకు బ్యాంకాక్, గోల్డ్ డీలరుకు దుబాయ్, డైమండ్ డీలరుకు లండన్. డైమండ్ డీలరు ప్రీమియం ఎకానమీలో వెళతాడు. ఆయన వెంట వచ్చే మనిషి మామూలు ఎకానమీలో వెళుతుంది. కంపెనీ పంపిన జాబితాలో "శ్రీ బాబ్జీ గారు + 1" అని ఉంది. ఆ ఒకటి నేను. నా పేరు హనుమాయమ్మ.

"కాస్త డబ్బు పైన కట్టుకుంటే నీక్కూడా ముందు సీటే ఇస్తారంట," అన్నారు మావారు టిక్కెట్లు చూస్తూ. "కానీ ఎందుకు చెప్పు? నువ్వు పొట్టిదానివి. నీ కాళ్లకి అంత ఖాళీ దండగ."

నా ఎత్తు వల్ల ఇన్నాళ్లకు ఇంటికి ఒక ఉపకారం జరిగిందని సంతోషించాను.

మా షాపు బోర్డు మీద "బాబ్జీ ఎరువులు, పురుగుమందులు" అని రాసి ఉంటుంది. పక్కనే పత్తికాయ పట్టుకుని నవ్వుతున్న ఆయన ఫోటో. కౌంటర్ దగ్గర ఆయన కూర్చుంటారు. వెనక, డబ్బాలు పేర్చిన గదిలో, స్టూలు మీద నేను కూర్చుంటాను. రైతు వస్తాడు. మా వైపు రైతు జబ్బు గురించి నోటితో చెప్పడు. చొక్కా జేబులోంచి ఆకు తీసి కౌంటర్ మీద పెట్టి, నువ్వే చెప్పమన్నట్టు చూస్తాడు. మావారు ఆ ఆకును అటు తిప్పి, ఇటు తిప్పి, వెలుతురులో పెట్టి, ఒక్కోసారి వాసన కూడా చూసి, చాలాసేపు ఆలోచించినట్టు ముఖం పెట్టి, "ఉండు, స్టాకు చూసొస్తా," అని లోపలికి వస్తారు.

లోపల ఉన్న స్టాకు నేనే.

ఆకు చూసి, ఒకటి రెండు ప్రశ్నలు అడిగి పంపిస్తాను. ఆయన బయటికి వెళ్లి ఆ ప్రశ్నలు అడిగి, జవాబుతో మళ్లీ వస్తారు. అప్పుడు నేను ఏ మందో చెబుతాను. మా నాన్న ఇంకొల్లు దగ్గర మిరప వేసేవాడు. నేను ఆ చేలోనే పెరిగాను. ఆ తర్వాత డబ్బాల మీది కాగితాలు, వ్యవసాయ శాఖ వాళ్ల కరపత్రాలు, ఊళ్లోకి వచ్చిన శాస్త్రవేత్తలు చెప్పిన ముక్కలు, ఏదీ వదలకుండా చదివాను, విన్నాను. మావారు కూడా వినేవారు. కాకపోతే ఆయన చెవుల్లో ఏదీ నిలవ ఉండదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కొన్ని ఆకులు చూసి "మందు అక్కర్లేదు, ఊరికే వదిలెయ్యమనండి," అంటాను. అప్పుడు మావారికి ఒళ్లు మండుతుంది. మందులమ్ముకునే షాపులో కూర్చుని మందొద్దంటావా అని సాయంత్రం దాకా సణుగుతారు. కానీ మందొద్దని పంపించిన రైతే మర్నాడు ఇద్దరు బావమరుదుల్ని వెంటబెట్టుకుని వస్తాడు. మేం డైమండ్ అయింది అలాగే. ఈ ముక్క కంపెనీకి తెలియదు, మావారు ఒప్పుకోరు.

హైదరాబాదు ఎయిర్‌పోర్టులో, పొద్దున్నే లైనులో నిలబడి ఉండగా, అంకమ్మరావు గారు మావారి చెవిలో ఏదో చెప్పారు. ఆయనది పొన్నూరు, ఆయనా డైమండే. మావారి ముఖం వెలిగిపోయింది.

"కంపెనీ మన పర్చూరులో మొక్కల క్లినిక్ పెడుతుందంట," అన్నారు నా దగ్గరికి వచ్చి. "అక్కడ మందులమ్మరు. రైతు ఆకు తెస్తే చూసి చెప్పడమే. దాంట్లో కూర్చునే మనిషిని ఈ టూర్లోనే తేలుస్తారంట. డాక్టర్ శ్రీరమ్య గారని ఎవరో సైంటిస్టు ఉందంట, ఆవిడ చేతిలో ఉందంట అంతా. బోర్డు మీద పేరేస్తారే. సింగరాయకొండ దాకా మన పేరే వినపడుద్ది."

మన పేరు అంటే ఆయన పేరు. అది నాకు కొత్త కాదు. కానీ ఆకు చూసి చెప్పడమే పని అన్న మాట దగ్గర నా మనసు నిలిచిపోయింది. మందులు అమ్మనక్కర్లేదు, సణుగుడు వినక్కర్లేదు. రైతు ఎదురుగా కూర్చుని, ఆకు నా చేతికే ఇస్తాడు. నాకు ఆ కుర్చీ కావాలి. బోర్డు మీద నా పేరు కావాలి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు గనక రాస్తున్నాను.

విమానం ఎక్కేటప్పుడు అందరూ ముందు తరగతుల మధ్య నుంచే నడవాలి. మన స్థానం మనకు తెలియాలని అలా కట్టారేమో. మావారు అప్పటికే కూర్చుని, కాళ్లు చాపి, దిండు ఎక్కడ పెట్టుకోవాలో తేల్చుకోలేక ఇబ్బంది పడుతున్నారు. నన్ను చూసి బస్సులో కండక్టర్ మాదిరి చెయ్యి ఊపారు.

"వెనక్కెళ్లు. ఇంకా వెనక్కి."

వెనక్కి వెళ్లాను. నేను దాటగానే ఎయిర్ హోస్టెస్ కర్టెన్ లాగింది. ఆ కర్టెన్ మూరెడు వెడల్పు గుడ్డ. మా చీరాలలో అంత గుడ్డ ముక్కను మగ్గం తుడవడానికి వాడతారు. ఇక్కడ దానికి ఇటు ఉన్నవాళ్లను, అటు ఉన్నవాళ్లను వేరుచేసే ఉద్యోగం ఇచ్చారు.

నా వరసలో కిటికీ పక్కన ఒకాయన విమానం కదలకముందే దుప్పటి తల మీదుగా కప్పుకుని నిద్రపోయాడు. నడవ పక్క సీటు ఖాళీ. కంపెనీ మర్చిపోయినా దేవుడు మర్చిపోలేదనుకుని కొంగు సర్దుకుని కూర్చున్నాను.

గంట గడిచిందో లేదో, మావారు వచ్చి ఆ ఖాళీ సీట్లో కూలబడ్డారు.

"నా పక్క సీట్లో ఎవరో తెలుసా? డాక్టర్ శ్రీరమ్య గారే. చిన్నపిల్ల. మన సుజాతమ్మ కోడలంత ఉంటుంది. తెలుగే."

"మంచిదేగా."

"మంచిదేంటే. ప్రశ్నలేస్తంది. మిరపాకు పైకి ముడిస్తే ఏంటి, కిందికి ముడిస్తే ఏంటి అంటంది."

"ఇరవై రెండేళ్ల నుంచి చెబుతున్నాను కదండీ."

"అప్పుడు విని బయటికెళ్లి చెప్పేసేవాణ్ణి. చెప్పింది చెప్పినట్టు అక్కడే వదిలేసేవాణ్ణి. ఇప్పుడు చెప్పు."

"పైకి ముడిస్తే తామర పురుగు. కిందికి ముడిస్తే నల్లి."

ఆయన చెయ్యి ఒకసారి పైకి, ఒకసారి కిందికి తిప్పి బట్టీ పట్టారు.

"ఇంతకీ ఆవిడకి ఏం చెప్పి లేచొచ్చారు?"

మావారు కొంచెం ఇబ్బందిగా కదిలారు. "అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. ఉండండి మేడమ్, స్టాకు చూసొస్తా అన్నా."

"ఆకాశంలోనా?"

"తర్వాత బాత్రూమ్‌కని సర్దుకున్నాలే," అని లేచి వెళ్లిపోయారు. చెయ్యి పైకి, కిందికి తిప్పుకుంటూ నడవలో వెళుతున్న మనిషిని దారిపొడుగునా జనం తల తిప్పి చూశారు.

అరగంటకు మళ్లీ వచ్చారు. ఈసారి చేతిలో చిన్న తెల్ల తువ్వాలు ఉంది.

"వేడి తువ్వాలు ఇచ్చారే. ముఖం తుడుచుకో, హాయిగా ఉంటుంది."

పట్టుకుని చూశాను. తువ్వాలు చల్లారిపోయి చాలాసేపయింది. ఆయన ముఖం మాత్రం శుభ్రంగా ఉంది.

"మాకు మెనూ కార్డు ఇచ్చారు," అన్నారు. "మీకో?"

"మాకు ఏది మిగిలితే అది ఇచ్చారు. ప్రశ్న ఏంటో చెప్పండి."

"మిరప పూతలో నల్ల తామర పురుక్కి జిగురు అట్టలు పెడతాం చూడు, అవి ఏ రంగయితే మంచిదంటంది. నేను పసుపు అందామనుకున్నా. ఎందుకో గానీ ఆగా."

"నీలం. పసుపు తెల్లదోమకి."

"అదే, నేనూ అనుమానపడ్డా," అని లేచారు.

మూడోసారి వచ్చినప్పుడు ఒకేసారి మూడు ప్రశ్నలు తెచ్చారు. మూడూ గుర్తుపెట్టుకోవడానికి మూడు వేళ్లు మడిచి, ఆ చేతిని ఛాతీకి ఆనించుకుని, తలకాయలకు తగలకుండా నడిచి వచ్చారు. ఒక్కో జవాబు చెప్పగానే ఒక్కో వేలు తెరిచారు. జవాబులు జారిపోకుండా చెయ్యి మళ్లీ ఛాతీకి ఆనించుకుని వెళుతుంటే ఎయిర్ హోస్టెస్ ఆపి, బాగానే ఉన్నారా, మంచినీళ్లు కావాలా అని అడిగింది. మావారు ఛాతీ మీంచి చెయ్యి తియ్యకుండానే బాగానే ఉన్నానని తలూపారు. ఆ పిల్ల ఇంకా కంగారు పడింది.

నేను మాత్రం ఏం చేస్తున్నాను? అదీ ఆలోచించాను. నాకు కావలసిన కుర్చీని ముక్కలు ముక్కలుగా కోసి ఈయన చేతిలో పెట్టి పంపిస్తున్నాను. ఆయనేమో ముందుకు తీసుకెళ్లి, గాజు గ్లాసు పక్కన పెట్టి, ఆ అమ్మాయికి ఇస్తున్నారు. పర్చూరులోనైతే మధ్యలో పది అడుగులు. ఇక్కడ పాతిక వరసలు. అంతే తేడా.

నాలుగోసారి ఆయన ఒక ఫోన్ పట్టుకొచ్చారు. అది ఆయనది కాదు.

"ఎవరిదండీ ఇది?"

"మేడమ్‌ది. ఫోటో చూపించి ఏంటిదని అడిగింది. వెలుతురు చాలట్లేదు, అటెళ్లి చూసొస్తానని తీసుకొచ్చా."

"బాత్రూమ్‌కా?"

"ఇంకెక్కడికని చెప్పను? నువ్వు ఫోటో చూడు. ఇదే ఆఖరంట. దీనికి సరిగ్గా చెబితే క్లినిక్ మనదే."

చూశాను. పత్తి మొక్క. చిగురాకులు వెడల్పు తగ్గి, సన్నగా చీలి, బెండాకుల్లా తయారయ్యాయి. చూడగానే నాకు అర్థమైంది. ఇలాంటి ఆకుని మా షాపుకు ఏటా నలుగురైదుగురు తెస్తారు. చెప్పడానికి నోరు తెరిచి, ఎందుకో ఆగాను.

"ఏవండీ, క్లినిక్ వస్తే అందులో ఎవరు కూర్చుంటారు?"

"ఇద్దరం."

"ఎక్కడెక్కడ?"

మావారు ఉత్సాహంగా ముందుకు వంగారు. ఇదంతా ముందే ఆలోచించి పెట్టుకున్నట్టున్నారు. "ముందు గదిలో నేను. రైతులతో మాట్లాడటం, వచ్చేపోయేవాళ్లని చూసుకోవడం నీకు చేతకాదు. వెనక గదిలో నువ్వు. ఈసారి స్టూలు కాదే, కుర్చీ వేయిస్తా. ఏసీ కూడా పెట్టిస్తా. వెనకైనా సరే, చల్లగా ఉంటావు."

ఆయన నవ్వుతూ చెప్పారు. ఆ మాటలో కల్మషం లేదు. నాకు నిజంగా మేలు చేస్తున్నాననే అనుకుంటున్నారు. అందుకే నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. ఇరవై రెండేళ్ల తర్వాత నాకు దక్కబోయే ప్రీమియం ఎకానమీ ఇది. వెనక గదే, కాకపోతే ఏసీ.

ఫోన్ ఆయన చేతిలో పెట్టాను.

"స్టాకు లేదని చెప్పండి."

"ఏంటే?"

"ఈసారి స్టాకు లేదు. అయిపోయింది. వెళ్లి మీకు తెలిసింది చెప్పండి."

మావారు ఫోన్ మళ్లీ నా ముందు పెట్టారు. బతిమాలారు. తర్వాత కసిరారు. పదిమందిలో పరువు తీస్తావా అన్నారు. ఇంతలో విమానం కుదిపింది, సీట్‌బెల్ట్ లైటు వెలిగింది, ఎయిర్ హోస్టెస్ వచ్చి ఆయన్ని ఆయన సీటుకు పంపించింది. సీట్లు పట్టుకుంటూ, ఊగుతూ వెళ్లారు.

వెళ్లాక భయం వేసింది. ఆయనకు క్లినిక్ రాకపోతే నాకూ రాదు. అంకమ్మరావు గారికి పోతుంది. ఆ వెనక గది కూడా పోతుంది. కోపంలో ఎంత పని చేశాను అనుకున్నాను. అయినా లేచి వెళ్లి చెప్పాలనిపించలేదు. చల్లారిన తువ్వాలు ఇంకా ఒళ్లోనే ఉంది. దాన్ని మడత పెట్టడం, విప్పడం, మళ్లీ మడత పెట్టడం చేస్తూ కూర్చున్నాను.

కుదుపు ఆగిన కాసేపటికి ఒక అమ్మాయి వరస నంబర్లు చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది. ముప్పై ఏళ్లుంటాయి. కళ్లద్దాలు, కాటన్ చుడీదార్, చేతిలో ఇందాకటి ఫోన్.

"మీరు బాబ్జీ గారి మిసెస్సాండీ? నేను శ్రీరమ్యని." నడవ పక్క సీట్లో కూర్చుని, గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోకండి. సార్‌కి షుగర్ ఉందా?"

"లేదే. ఏమ్మా?"

"నాలుగు గంటల్లో నాలుగుసార్లు బాత్రూమ్‌కి వెళ్లారండీ. వెళ్లిన ప్రతిసారీ చాలాసేపు. ఊళ్లో దిగాక ఒకసారి టెస్టు చేయిస్తే మంచిదని..." అని ఆగింది. తర్వాత నా ముఖంలోకి చూస్తూ మెల్లగా అంది. "ఇంకో విషయం కూడా ఉంది. మొదటి మూడుసార్లు వెళ్లొచ్చాక సార్ ప్రతి ప్రశ్నకీ కరెక్టుగా జవాబు చెప్పారు. నాలుగోసారి నా ఫోన్ పట్టుకుని వెళ్లారు. తిరిగొచ్చి రెండు మందులు కలిపి కొట్టమనండి అన్నారు. ఏం మందులని అడిగితే, ఏవైనా రెండు అన్నారు."

నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాను. దుప్పటి మనిషి గురక పెడుతున్నాడు. ఇటు తిరిగేసరికి నాకు నవ్వు రావడం లేదు. ఇప్పుడు నేను ఏం చెబుతానన్న దాని మీద అంతా ఉంది. షుగర్ ఉందని చెప్పి ఆయన పరువు కాపాడవచ్చు. ఒక్క నిమిషం అదే మంచిదనిపించింది కూడా.

"ఆ ఫోటో ఒకసారి చూపించమ్మా," అన్నాను.

ఇచ్చింది.

"ఈ చేనుకి పక్క చేలో ఏం వేశారు?"

ఆ అమ్మాయి కళ్లద్దాల వెనక నుంచి తేరిపార చూసింది. "మొక్కజొన్న."

"గట్టు వైపు వరసలు ఎక్కువ పాడయ్యాయా, చేను మొత్తం ఒకేలా ఉందా?"

"గట్టు వైపే ఎక్కువ."

"అయితే ఇది పురుగూ కాదు, తెగులూ కాదు. మొక్కజొన్నలో గడ్డి చావడానికి మందు కొట్టారు. ఆ గాలి ఇటు తిరిగింది. పత్తికి ఆ మందు వాసన కూడా పడదు. దీనికి ఏ మందూ కొట్టనక్కర్లేదు. ఒక తడి ఇచ్చి, కొత్త చిగురు వచ్చేదాకా ఆగమనండి. ఆ రైతు కంగారుపడి ఏమైనా కొట్టేశాడా?"

"నాలుగు రకాలు కొట్టాడు," అంది శ్రీరమ్య.

"పాపం," అన్నాను.

ఆ అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. తర్వాత చెప్పింది, రెండు నెలలుగా ఆ ఫోటోను అరవై మంది డీలర్లకు చూపించిందట. సిల్వర్, గోల్డ్, డైమండ్ అందరూ ఏదో ఒక మందు రాశారట. "అంకమ్మరావు గారైతే మూడు రాశారు. మందు వద్దని చెప్పింది మీరొక్కరే." ఫోన్ చేతిలో తిప్పుతూ, "సార్ మొదటిసారి లేచినప్పుడు స్టాకు చూసొస్తా అన్నారండీ. నాకు అర్థం కాలేదు," అంది.

"షాపులో అలాగే అంటారమ్మా," అన్నాను. "నేను వెనక గదిలో ఉంటాను."

ఇంక విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ అమ్మాయి లేచి, "మీరు నాతో రండి. చాలా అడగాలి. ఇక్కడ కూర్చుని నేను రాసుకోలేను," అని ముందుకు వెళ్లింది. ఎయిర్ హోస్టెస్‌తో ఏదో మాట్లాడింది. మావారూ నేనూ సీట్లు మారవచ్చు గానీ, వెనక్కి వచ్చే మనిషికి వెనక భోజనమే పెడతామని ఆవిడ షరతు పెట్టిందట.

కాసేపటికి మావారు వచ్చారు. చెప్పులు చేత్తో పట్టుకుని, ముందు తరగతిలో ఇచ్చిన మేజోళ్లతో నడుస్తూ వచ్చారు. నేను నడవలోకి వచ్చి నిలబడ్డాను. ఆయన లోపలికి జరిగి కూర్చోబోయి, మోకాళ్లు ముందు సీటుకు తగిలి, పక్కకు తిరిగి, మళ్లీ తగిలి, చివరికి ఎలాగో ఇరుక్కున్నారు.

"చెప్పేశావా?" అన్నారు. కోపంగా కాదు. జ్వరం వచ్చిన మనిషిలా అన్నారు.

"ఆకు చూపించింది, చూసి చెప్పాను. అంతకంటే ఏం చెప్పలేదు."

"ఇంత ఇరుగ్గా ఉంటుందా ఇక్కడ?"

"నేను పొట్టిదాన్ని కదా, నాకు తెలియలేదు," అని తువ్వాలు ఆయన ఒళ్లో పెట్టి ముందుకు నడిచాను.

కర్టెన్ దాటి ప్రీమియం ఎకానమీలో కూర్చున్నాను. పర్చూరు సెంటరంతా మార్మోగిన ఆ మహాభాగ్యం ఏమిటో చూద్దామని అటూ ఇటూ చూశాను. సీటు రెండంగుళాలు వెడల్పే. నా కాళ్లు నేలకు అందలేదు. కాళ్లు పెట్టుకునే పలక కిందికి దించినా, దానికీ అందలేదు. గాజు గ్లాసులో నీళ్లు తెచ్చారు. తాగాను. నీళ్లలాగే ఉన్నాయి.

కానీ శ్రీరమ్య పక్క సీట్లోంచి నా వైపు తిరిగి, పుస్తకం తెరిచి పెట్టుకుని, పెన్ను పట్టుకుని, నేను చెప్పేదాని కోసం ఆగింది. అలా ఒక మనిషి నా నోటి వంక చూస్తూ కూర్చోవడం నాకు అదే మొదలు. మొదట రెండు మూడు జవాబులు తడబడ్డాను. ఎదురుగా మనిషి ఉంటే చెప్పడం అలవాటు లేదు. డబ్బాల వంక చూస్తూ చెప్పడమే తెలుసు. తర్వాత కుదురుకున్నాను. గంటన్నర మాట్లాడాను. ఆ అమ్మాయి పదకొండు పేజీలు రాసింది.

చివర కొత్త పేజీ తీసి అంది. "లండన్‌లో డిన్నర్ దగ్గర క్లినిక్‌లో కూర్చునే మనిషి పేరు చెబుతారు. బోర్డు మీద ఎలా ఉండాలో అలా చెప్పండి. మీ పూర్తి పేరు."

"హనుమాయమ్మ."

"ఇంటిపేరు?"

"ఇంటిపేరు వద్దమ్మా. అది పెడితే అందరూ మళ్లీ ఆయనే అనుకుంటారు."

రాసుకుంది. తెలుగులో, గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. నేను ఆ కాగితం వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. కళ్లు మసకబారితే, ఏసీ గాలి పడలేదని చెప్పాను.

అప్పుడు కర్టెన్ దగ్గర గొడవ వినపడింది. మావారి గొంతే. ఎయిర్ హోస్టెస్ చెయ్యి అడ్డం పెట్టి, ఈ తరగతి వేరు, తమరు వెనక్కి వెళ్లండి అంటోంది. నాలుగు గంటల క్రితం ఇదే మనిషికి వేడి తువ్వాలు ఇచ్చిన పిల్ల ఆమే. మావారు మెడ చాచి నా వైపు వేలు చూపిస్తున్నారు. ఆమె నా దగ్గరికి వచ్చి, ఆయన మీకేమవుతారని ఇంగ్లీషులో మర్యాదగా అడిగింది.

"ప్లస్ వన్," అన్నాను.

ఆ మాట ఆమెకు వెంటనే అర్థమైంది. ఒక్క నిమిషమే అని చెప్పి ఆయన్ని వదిలింది. మావారు వచ్చి నా సీటు పక్కన నిలబడ్డారు. శ్రీరమ్యను చూసి తల దించుకున్నారు.

"కిటికీ పక్కన దుప్పటి కప్పుకుని పడుకున్నాయన లేచాడే. సుభానీ గారంట, మన చీరాల ఆయనే. ఇంగ్లండులో ఉంటాడంట. ఇంట్లో కుండీల్లో మిరప పెంచుతుంటే ఆకులు ముడుచుకుంటున్నాయంట. మీరేం చేస్తారని అడిగితే పురుగుమందుల షాపని చెప్పా. ఏం కొట్టాలని అడిగాడు."

"స్టాకు చూసొస్తానన్నారా?"

మావారు చేతిలోని తువ్వాలును నలిపారు.

"నోటిదాకా వచ్చిందే. మింగేశా." గొంతు సవరించుకున్నారు. "మా ఆవిడ ముందు సీట్లో ఉంది, ఆవిణ్ణి అడిగి చెబుతానన్నా."

శ్రీరమ్య పుస్తకం మూసి కిటికీ బయటికి చూడసాగింది. ఇరవై రెండేళ్లలో పది అడుగులు నడిచి చెప్పలేని మాటను, పాతిక వరసలు నడిచి వచ్చి చెప్పారు. అదీ ఎవరో దుప్పటి మనిషితో అన్నదాన్ని నాకు మోసుకొచ్చారు. అయినా సరే, వచ్చారు.

"ఆకులు పైకి ముడిచాయంటనా, కిందికా?" అన్నాను.

మావారు తెల్లముఖం వేశారు. "అడగలేదే."

"అడిగి రండి."

ఆయన తలూపి, కర్టెన్ తీసుకుని, నలభై ఏడో వరసకి బయలుదేరారు.